ఎ-4 స్కైహాక్: ఇంత చిన్న విమానం యుద్ధంలో అంత పని ఎలా చేసింది?

అడిగిన విషయాలు క్లుప్తంగా ఇవి. ఎ-4 స్కైహాక్, అంటే అమెరికా నేవీ వాడిన చిన్న దాడి జెట్, మామూలుగా ఎగిరేటప్పుడు ధ్వని వేగాన్ని దాటలేదు. మిగ్‌లతో, అంటే సోవియట్ ఫైటర్లతో, తలపడడానికి చేసిన విమానం కాదు. చెప్పుకోదగ్గ రాడార్ కూడా లేదు. పెద్ద ఫైటర్లైన ఎఫ్-4 ఫాంటమ్‌లు చేతిలో ఉండగా అమెరికా నేవీ వియత్నాంలో దీన్ని ఎందుకు అంతలా వాడింది? 1982లో బ్రిటన్, అర్జెంటీనా మధ్య జరిగిన ఫాక్లాండ్స్ యుద్ధంలో ఇదే విమానం బ్రిటిష్ యుద్ధనౌకల్ని ఎలా ముంచింది? మన నేవీకి ఇలాంటిది ఎందుకు లేదు? దీనికి ఒకాయన "చవక కాబట్టి వాడారు, అంతే" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

చవక అన్న మాట అబద్ధం కాదు. కానీ ధర దగ్గర మొదలుపెడితే ఈ విమానం అర్థం కాదు, డెక్ దగ్గర మొదలుపెట్టాలి. నేను నేవీలో విమానాల మెయింటెనెన్స్ చేసి రిటైరైన మనిషిని. ఎక్కువ కాలం మన విమానవాహక నౌక విరాట్ మీద సీ హారియర్ జెట్‌లతో గడిచింది. స్కైహాక్ మీద పని చేసే అవకాశం రాలేదు గానీ, విరాట్‌కీ స్కైహాక్‌కీ ఒక పాత లెక్క ఉంది. అది తర్వాత చెబుతాను.

విమానవాహక నౌక మీద అన్నిటికంటే ఖరీదైనది చోటు. ఒక విమానం పక్కకి జరగాలంటే ఇంకో రెండు ముందు జరగాలి. లిఫ్ట్ దగ్గర ఒకటి చెడిపోయి ఆగిందంటే కింద హ్యాంగర్‌లో ఉన్నవన్నీ కిందే ఉండిపోతాయి. అందుకే నేవీ విమానాలకి రెక్కలు మడిచే ఏర్పాటు పెడతారు. దానికి కీలు కావాలి, హైడ్రాలిక్ జాక్‌లు కావాలి, తాళాలు కావాలి. రెక్కకి వెన్నెముక లాంటి స్పార్‌ని మధ్యలో తెగ్గొట్టి మళ్లీ కలపాలి కాబట్టి ఆ చోట బలం కోసం మరింత లోహం వేయాలి. ఆ బరువు మోయడానికి పెద్ద ఇంజిన్, దానికి మరింత ఇంధనం, దాన్ని పెట్టుకోవడానికి ఇంకాస్త పెద్ద విమానం. ఇలా ఒకదాని వెంట ఒకటి పెరుగుతూ పోతుంది. 1950ల మొదట్లో అమెరికా జెట్ విమానాలకి పట్టిన జబ్బు ఇదే.

డగ్లస్ కంపెనీ ఎల్ సెగుండో ప్లాంటులో చీఫ్ ఇంజినీరు ఎడ్ హైన్‌మన్ ఈ గొలుసుని మొదట్లోనే తెంపేశాడు. అణుబాంబు మోయగల జెట్ దాడి విమానం కావాలి, బరువు 30,000 పౌండ్ల లోపు ఉంటే చాలు అని నేవీ అనుకుంటున్న రోజులవి. అంటే 13,600 కిలోలు. హైన్‌మన్ 12,000 పౌండ్లలో చేస్తానన్నాడు. సగం కూడా కాదు. అధికారులు నమ్మకపోవడంలో ఆశ్చర్యం లేదు. అయినా 1952లో కాంట్రాక్టు వచ్చింది, 1954 జూన్ 22న మొదటి విమానం ఎగిరింది, మరుసటి ఏడాదే 500 కిలోమీటర్ల సర్క్యూట్ మీద గంటకి 695 మైళ్ల వేగంతో ప్రపంచ రికార్డు కొట్టింది. తయారీ 1979 దాకా సాగింది. మొత్తం 2,960 విమానాలు. ఒక అటాక్ జెట్ పాతికేళ్ల పాటు ఆగకుండా తయారైందంటే మాటలు కాదు.

అంత బరువు ఎక్కడ తగ్గించాడో చూస్తే మెయింటెనెన్స్ వాళ్లకి ముచ్చటేస్తుంది. రెక్క ఈ చివర నుంచి ఆ చివరకి 8.38 మీటర్లే. కాబట్టి మడవక్కర్లేదు. కీలు లేదు కాబట్టి స్పార్లు ఒక చివర నుంచి రెండో చివరకి తెగకుండా సాగుతాయి. ఆ రెక్క లోపలి ఖాళీయే ఇంధన ట్యాంకు. చక్రాల కాళ్లు మడిచినప్పుడు స్పార్‌కి కిందుగా ఉండిపోతాయి, చక్రం మాత్రమే రెక్కలోకి వెళ్తుంది. కాబట్టి కాలి కోసం స్పార్‌కి కన్నం పెట్టే పని లేదు. పైగా కాళ్లు ముందుకి మడుచుకుంటాయి. హైడ్రాలిక్స్ చచ్చిపోతే తాళం వదిలేస్తే చాలు, తమ బరువుకి కిందికి జారి, ఎదురుగాలి తోపుకి వెనక్కి వచ్చి లాక్ అవుతాయి. దానికోసం వేరే ఎమర్జెన్సీ సిస్టమ్ అక్కర్లేదు. రెక్క ముందు అంచున ఉండే స్లాట్‌లకి మోటారు లేదు. వేగం తగ్గితే గాలి ఒత్తిడి తేడాకి వాటంతట అవే బయటికి వస్తాయి. ఇంజిన్ స్టార్ట్ చేసే సరంజామా కూడా విమానంలో పెట్టలేదు. డెక్ మీద బండి ఎలాగూ ఉంటుంది కదా, దాన్ని ఎగరేసుకుంటూ తిరగడం ఎందుకు అన్నాడు.

తోక వెనక చుక్కాని, అంటే రడ్డర్, చూస్తే తొలిసారి చూసేవాళ్లకి ఏదో తిరగేసి బిగించినట్టు అనిపిస్తుంది. మామూలుగా పక్కటెముకలు లోపలుండి రేకు పైన ఉంటుంది. దీనికి మధ్యలో ఒకే రేకు, పక్కటెముకలు రెండు పక్కలా బయటికి. తొలి విమానాల్లో రడ్డర్ గజగజ వణికే సమస్య వస్తే తాత్కాలికంగా ఈ ఏర్పాటు చేశారు. పని చేసింది. ఆ తాత్కాలికమే చివరి విమానం దాకా కొనసాగింది. ఇలాంటివి ఏ దేశం వర్క్‌షాపులో అయినా కనబడతాయి.

ఇప్పుడు ఫాంటమ్‌తో పోలిక. ఫాంటమ్ రెక్కలు మడిచి నిలబెడితే వెడల్పు దాదాపు 8.4 మీటర్లు. స్కైహాక్ రెక్కలు చాపుకుని నిలబడినా అంతే. పొడవులో స్కైహాక్ 12 మీటర్ల చిల్లర, ఫాంటమ్ 17 మీటర్లు పైన. దీనికి తోడు, వియత్నాం తీరానికి వచ్చిన నౌకలన్నీ పెద్దవి కావు. ఒరిస్కనీ, హాన్‌కాక్, బోన్ హోమ్ రిచర్డ్, టికొండెరోగా ఇవన్నీ రెండో ప్రపంచ యుద్ధ కాలం నాటి ఎసెక్స్ తరగతి ఓడలు, తర్వాత మార్పులు చేసినవి. వాటి మీద ఫాంటమ్‌లని పెట్టుకుని యుద్ధం నడపలేదు. వాటికి ఫైటర్ అంటే ఎఫ్-8 క్రూసేడర్, బాంబులు వేయాలంటే స్కైహాక్. కాబట్టి "ఫాంటమ్ ఉండగా" అన్న మాట సగం ఓడల విషయంలో వర్తించదు. అక్కడ ఫాంటమ్ లేదు.

స్కైహాక్ కాళ్లు కొంగ కాళ్లలా పొడుగ్గా ఎందుకున్నాయని ఫోటోలు చూసినవాళ్లు అడుగుతుంటారు. పొట్ట కింద అణుబాంబు పట్టాలి. ఆ కాలం అణుబాంబులు లావుగా ఉండేవి. విమానం అసలు పుట్టిందే ఆ పని కోసం. ఒక పైలట్ ఒంటరిగా, నేలని రాసుకుంటూ వందల మైళ్లు వెళ్లి, బాంబుని పైకి విసిరినట్టు వదిలి, వెనక్కి తిరిగి పారిపోవడం. ఎస్కార్ట్ లేదు, రెండో ప్రయత్నం లేదు. 1965 డిసెంబరు 5న టికొండెరోగా మీద ఒక ఎ-4ఇ ని హ్యాంగర్ నుంచి లిఫ్ట్ మీదికి తోస్తుండగా అది అదుపు తప్పి సముద్రంలో పడిపోయింది. లోపల పైలట్ ఉన్నాడు, పొట్ట కింద బి-43 అణుబాంబు ఉంది. పైలట్, విమానం, బాంబు మూడూ దొరకలేదు. అది జపాన్ దీవులకి దగ్గర్లో జరిగిందన్న సంగతి 1989 దాకా బయటికి రాలేదు. డెక్ మీద విమానం తోసే పని చేసినవాళ్లెవరికైనా ఇది చదివితే అరచేతులు చెమటలు పడతాయి. ఓడ ఒరిగినప్పుడు బ్రేకు పట్టే మనిషి, చక్రానికి అడ్డం పెట్టే చెక్క, ఈ రెండే ఆధారం.

ఆ అణుయుద్ధం రాలేదు. వచ్చింది వియత్నాం. అక్కడ కావలసిన పని పూర్తిగా వేరు: రోజూ, పగలూ రాత్రీ, వంతెనలు, రైలు యార్డులు, లారీలు, ఆయిల్ ట్యాంకుల మీద మామూలు ఇనుప బాంబులు వేయడం. ఒక్కసారి వెళ్లి ఒక్క బాంబు వేసి రావడానికి తీర్చిదిద్దిన విమానాన్ని ఏళ్ల తరబడి రోజువారీ మోతపనికి దించారు. స్కైహాక్ గురించి మంచి, చెడు ఏది మాట్లాడినా నాకు తిరిగి తిరిగి ఇక్కడికే వస్తుంది.

మంచి సంగతి ముందు. పొడుగు కాళ్ల వల్ల పొట్ట కింద, రెక్కల కింద బోలెడు ఖాళీ. ఒకే పైలాన్‌కి (విమానం కింద బాంబులు తగిలించే చోటు) ఆరేసి బాంబులు తగిలించే ర్యాకులు వచ్చాక ఆ ఖాళీ అక్కరకొచ్చింది. 1961లో ఎగిరిన ఎ-4ఇ కి పాత జె-65 బదులు ప్రాట్ అండ్ విట్నీ జె-52 ఇంజిన్ పెట్టారు, బాంబులు తగిలించే చోట్లు మూడు నుంచి ఐదయ్యాయి. ఖాళీగా నాలుగున్నర టన్నులు తూగే విమానం పూర్తిగా నింపితే 11 టన్నులతో ఎగిరేది. తన బరువుకి రెండింతలు దాటి. సిస్టమ్‌లు తక్కువ కాబట్టి చెడిపోయేవీ తక్కువే. దిగాక ఇంధనం నింపి, బాంబులు తగిలించి మళ్లీ పంపడానికి పట్టే టైమూ తక్కువే. యుద్ధంలో నౌక కెప్టెన్‌కి కావలసింది కాగితం మీద ఎంత వేగం అన్నది కాదు, ఇవాళ ఎన్ని సార్టీలు, అంటే విమానాలు ఎన్నిసార్లు వెళ్లొచ్చాయి అన్నది.

విమానాన్ని ఆవిరి బలంతో డెక్ మీంచి విసిరే కాటాపుల్ట్ దగ్గర దృశ్యం ఊహించుకోండి. స్కైహాక్ ముందు చక్రానికి ఇప్పటి విమానాల్లా లాగే కడ్డీ ఉండదు. రెక్కల కింద రెండు కొక్కేలు. వాటికి బ్రైడిల్ అనే మందపాటి ఇనుప తాడు తగిలించి, మధ్య భాగాన్ని కాటాపుల్ట్ షటిల్‌కి వేస్తారు. తోక దగ్గర వెనక్కి పట్టి ఉంచే బిగింపు ఇంకొకటి. ఇంజిన్ ఫుల్ పవర్‌లో అరుస్తుండగా ఒక మనిషి బాంబుల మధ్య వంగుని కొక్కేలు సరిగ్గా పడ్డాయా లేదా చూసి బయటికి పరిగెత్తాలి. పడకుండా వదిలితే విమానం గాల్లోకి కాదు, నీళ్లలోకి పోతుంది. పగలంతా గంటన్నరకో విడత చొప్పున ఈ తంతు.

స్కైహాక్ తన బాంబులు మోయడంతోనే ఆగలేదు. పొట్ట కింద బడ్డీ ప్యాక్ అనే ఇంధన పాడ్ తగిలించుకుని, గొట్టం వదిలి మిగతా విమానాలకి గాల్లో ఇంధనం పోసేది. ఇంధనం అడుగంటి వచ్చిన పెద్ద విమానాలకి కూడా ఈ బుల్లిదే దిక్కైన రోజులున్నాయి.

ఇక చెడు. 1964 ఆగస్టు 5న టికొండెరోగా, కాన్‌స్టెలేషన్ నౌకల నుంచి ఉత్తర వియత్నాం మీద జరిగిన తొలి దాడిలోనే ఒక ఎ-4సి కూలింది. దాని పైలట్ ఎవరెట్ అల్వరెజ్ బందీ అయ్యాడు, 1973 దాకా ఎనిమిదేళ్లకి పైగా జైల్లో ఉన్నాడు. 1965 సెప్టెంబరులో ఒరిస్కనీ ఎయిర్ వింగ్ కమాండర్ జేమ్స్ స్టాక్‌డేల్, 1967 అక్టోబరు 26న అదే ఓడ నుంచి ఎగిరి హనోయ్ విద్యుత్ కేంద్రం మీదికి వెళ్లిన జాన్ మెకెయిన్, ఇద్దరూ కూలింది స్కైహాక్‌లోనే. యుద్ధం మొత్తంలో ప్రమాదాలు కూడా కలిపి 362 స్కైహాక్‌లు పోయాయి. ఇందులో నేల మీంచి పేల్చే ఎస్ఏ-2 లాంటి క్షిపణులు కూల్చినవి 32. మిగ్ కూల్చింది ఒక్కటి. మీరు ప్రశ్నలో మిగ్‌ల గురించి ఆందోళన పడ్డారు కదా, ఈ ఒక్క అంకె చూడండి. స్కైహాక్‌ని తిన్నది ఎక్కువగా కింద నుంచి లేచే తుపాకి కాల్పులే.

దానికి కారణం బాంబు వేసే పద్ధతి. లక్ష్యాన్ని పైలట్ కళ్లతో చూడాలి, దాని మీదికి నిటారుగా డైవ్ కొట్టాలి, గాలి ఎటు వీస్తుందో మనసులో లెక్కేసుకోవాలి, గురి అద్దంలో గుర్తు కుదిరాక బటన్ నొక్కాలి. ఆ కొన్ని సెకన్లూ విమానం నేరుగా, ఒకే గీత మీద వస్తుంది. కింద 37, 57 మిల్లీమీటర్ల తుపాకుల వాళ్లకి కావలసింది అదే. క్షిపణి భయంతో కిందికి వస్తే తుపాకులు, తుపాకుల భయంతో పైకి పోతే క్షిపణులు. పైగా రెక్క అంతా ఇంధనమే. ఒక ముక్క తగిలితే కారడం మొదలు.

క్షిపణుల సంగతి చూడమనీ స్కైహాక్‌నే పంపారు. ఐరన్ హ్యాండ్ అనేవారు ఆ పనిని. శ్రైక్ అనే క్షిపణి శత్రువు రాడార్ తరంగాలని పట్టుకుని దాని మీదికే పోతుంది. రాడార్ ఆపేస్తే దారి తప్పుతుంది. అందుకని స్కైహాక్ పైలట్ రాడార్ వాళ్లని రెచ్చగొడుతూ వాళ్ల పరిధిలోనే తచ్చాడాలి. వాళ్లు ఆపినా లాభమే, ఆ పది నిమిషాలు మిగతా దళం మీద క్షిపణులు రావు. మైకేల్ ఎస్టోసిన్ అనే పైలట్ 1967 ఏప్రిల్ 20న హైఫాంగ్ దగ్గర ఇలా తిరిగి విమానం దెబ్బతిని, ఐదు నిమిషాల ఇంధనం కూడా లేని స్థితిలో ట్యాంకర్‌ని పట్టుకున్నాడు. పోసినది పోసినట్టే కారిపోతుంటే గొట్టం వదలకుండా వంద మైళ్లకి పైగా వచ్చి, మంటలతోనే డెక్ మీద దిగాడు. ఆరు రోజుల తర్వాత అదే పనికి మళ్లీ వెళ్లి తిరిగి రాలేదు. ఆయనకి మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు.

ఆ ఏడాదే మే 1న థియోడోర్ స్వార్ట్జ్ అనే ఎ-4సి పైలట్ నేల మీది లక్ష్యాలకని తెచ్చుకున్న జూనీ రాకెట్లతో ఒక మిగ్-17ని కూల్చాడు. గురి పెట్టి మార్గం మార్చుకోలేని రాకెట్‌తో గాల్లో మిగ్‌ని కొట్టడం అంటే పైలట్ చేతివాటం ఎంతో ఊహించుకోవచ్చు. అమెరికా స్కైహాక్ ఖాతాలో మిగ్ అదొక్కటే. అదే రకం రాకెట్ మూడు నెలలకి ఇంకో కథ నడిపింది. 1967 జులై 29న ఫారెస్టల్ డెక్ మీద ఒక ఫాంటమ్‌కి తగిలించిన జూనీ, కరెంటు సర్జ్ వల్ల దానంతట అదే పేలి బయటికి వచ్చి, ఎదురుగా బరువెత్తి నిలబడ్డ స్కైహాక్ ఇంధన ట్యాంకుని కొట్టింది. ఆ మంటల్లో పాత కాలపు వెయ్యి పౌండ్ల బాంబులు ఒకటిన్నర నిమిషంలోనే పేలడం మొదలైంది. మంటలార్పడానికి మొదట పరిగెత్తినవాళ్లే మొదట పోయారు. మొత్తం 134 మంది. మంటలార్పే ట్రైనింగ్ స్పెషలిస్టులకే కాదు ఓడలో ప్రతివాడికీ ఉండాలన్నది అక్కడి నుంచే గట్టిపడింది.

గురి సంగతికొస్తే, 1967 మార్చిలో బోన్ హోమ్ రిచర్డ్ స్కైహాక్‌లు వాల్‌ఐ అనే టీవీ గైడెడ్ బాంబుని తొలిసారి యుద్ధంలో వాడాయి. థాన్ హోవా వంతెన మీద వేస్తే అనుకున్న చోటే తగిలాయి. వంతెన చెక్కు చెదరలేదు. దాన్ని పడగొట్టడానికి 1972 దాకా, మరింత బరువైన గైడెడ్ బాంబుల దాకా ఆగాల్సి వచ్చింది. తేలిక విమానం హద్దు అక్కడ స్పష్టంగా కనబడుతుంది. 1967 డిసెంబరు నుంచి ఎ-7 కోర్సెయిర్ వచ్చి స్కైహాక్ చోటు మెల్లగా తీసుకుంది. ఎక్కువ బాంబులు, ఎక్కువ దూరం, తర్వాతి మోడల్‌లో కంప్యూటర్ గురి. అయినా చిన్న ఓడల మీద స్కైహాక్ చివరి దాకా ఉంది. ఆ తర్వాత నేవీ ఫైటర్ పైలట్లకి శిక్షణ ఇచ్చే టాప్‌గన్ స్కూల్లో మిగ్-17 వేషం వేసి ఫాంటమ్ పైలట్లకి చుక్కలు చూపించింది, కానీ అది ఇక్కడ అడిగిన విషయం కాదు.

ఇక విరాట్ లెక్క. ఐఎన్ఎస్ విరాట్ 1987లో మన చేతికి రాకముందు హెచ్ఎంఎస్ హెర్మీస్. 1982లో ఫాక్లాండ్స్‌కి వెళ్లిన బ్రిటిష్ దళానికి అదే ఫ్లాగ్‌షిప్. ఎదుటి పక్షం అర్జెంటీనా దగ్గరా ఒక వాహక నౌక ఉంది, వెయింతిసింకో దె మాయో. దాని మీద నేవీ స్కైహాక్‌లు, ఎ-4క్యూ అనేవారు, అమెరికా వాడి వదిలేసిన పాత ఎ-4బి లని బాగు చేసినవి. మే 2 తెల్లవారుజామున ఆ స్కైహాక్‌లు బ్రిటిష్ నౌకల మీదికి లేవాలి. బాంబులు తగిలించారు. దక్షిణ అట్లాంటిక్‌లో గాలి ఆగడమన్నది అరుదు, ఆ రోజే ఆగింది. పాత ఓడ, పాత కాటాపుల్ట్. ఓడ వేగం, ఎదురుగాలి, కాటాపుల్ట్ తోపు మూడూ కలిస్తే గానీ నిండు బరువు విమానం లేవదు. బాంబులు తగ్గిస్తే వెళ్లి ప్రయోజనం లేదు, ఇంధనం తగ్గిస్తే తిరిగి రాలేరు. దాడి రద్దు చేశారు. ఆ సాయంత్రమే బ్రిటిష్ సబ్‌మెరైన్ అర్జెంటీనా క్రూజర్ బెల్‌గ్రానోని ముంచింది, దాంతో ఆ వాహక నౌక తీరానికి వెళ్లిపోయి మళ్లీ బయటికి రాలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వాహక నౌకకీ వాహక నౌకకీ మధ్య జరగాల్సిన పోరు గాలి లేక ఆగిపోయింది.

ఓడ వెళ్లిపోయినా విమానాలు యుద్ధంలోనే ఉన్నాయి. రియో గ్రాండె ఎయిర్‌బేస్ నుంచి ఎగిరాయి. మే 21న ఎ-4క్యూలు ఫ్రిగేట్ ఆర్డెంట్‌ని కొట్టాయి. డాగర్ జెట్‌ల దెబ్బలు కూడా తిన్న ఆ ఓడ మునిగిపోయింది, 22 మంది చనిపోయారు. కొట్టిన మూడు విమానాల్లో ఒక్కటీ తిరిగి వెళ్లలేదు. వాటి మీద పడ్డ సీ హారియర్‌లు లేచింది హెర్మీస్ డెక్ నుంచే, 800 స్క్వాడ్రన్‌వి. మూడింటిలో ఒకటి దెబ్బతిని పోర్ట్ స్టాన్లీ దాకా వచ్చింది గానీ చక్రం కాలు పాడై దిగే వీలు లేక పైలట్ పారాచూట్‌తో దూకాడు. మా తరం విరాట్‌లో చేరేసరికి ఓడ పేరు, జెండా, మనుషులు అన్నీ మారాయి. డెక్ మాత్రం అదే.

అర్జెంటీనా ఎయిర్ ఫోర్స్ స్కైహాక్‌లు ఇంకా ఎక్కువ నష్టం చేశాయి. వీళ్లది నేల మీద పుట్టిన స్క్వాడ్రన్, విమానం మాత్రం నేవీ కోసం పుట్టినదే. బ్రిటిష్ రాడార్‌కి దొరకకూడదని అలలని తాకేంత కిందుగా వచ్చేవారు, ఉప్పునీటి తుంపర ఎండి ముందు అద్దం తెల్లబడేది. ఆ ఎత్తులో వదిలిన బాంబుకి ఒక చిక్కుంది. బాంబు ఫ్యూజ్‌కి చిన్న పంఖా ఉంటుంది. వదిలాక అది కొన్ని సెకన్లు తిరిగితేనే బాంబు పేలడానికి సిద్ధమవుతుంది, లేకపోతే వేసిన విమానమే ఆ పేలుడులో పోతుంది. మరీ కింద నుంచి వదిలితే పంఖా తిరిగే టైము చాలదు. అందుకే గ్లాస్గో అనే డిస్ట్రాయర్‌కి ఒక బాంబు ఈ పక్క నుంచి ఆ పక్కకి దూసుకుపోయింది, పేలలేదు. ఆర్గోనాట్‌లో రెండు పేలకుండా ఉండిపోయాయి. యాంటిలోప్‌లో ఉండిపోయిన వాటిలో ఒకటి నిర్వీర్యం చేస్తుండగా పేలి ఓడని ముంచింది. మే 25న కోవెంట్రీ మీద మాత్రం ఫ్యూజ్‌లు పని చేశాయి, ఓడ కాసేపట్లోనే తిరగబడింది. ఫ్యూజ్‌ల సెట్టింగ్ మొదటి రోజు నుంచే సరిగ్గా ఉంటే ఆ యుద్ధం బ్రిటన్‌కి ఇంకా చాలా ఖరీదయ్యేది అని నా అభిప్రాయం.

దూరం ఇంకో శత్రువు. వెళ్లి రావాలంటే గాల్లో ఇంధనం పోయాలి, ఆ పని చేసే కెసి-130లు అర్జెంటీనా దగ్గర రెండే. దెబ్బతిని కారుతున్న స్కైహాక్‌ని గొట్టానికి తగిలించుకుని ఇంటి దాకా తీసుకెళ్లిన సందర్భాలున్నాయి, హైఫాంగ్‌లో ఎస్టోసిన్ చేసినట్టే. యుద్ధం ముగిసేసరికి అర్జెంటీనాకి 22 స్కైహాక్‌లు పోయాయి. పంపిన విధానం చూస్తే అంతకంటే ఎక్కువ పోవాల్సింది.

ఇజ్రాయెల్ 1973 యుద్ధంలో 50కి పైగా స్కైహాక్‌లు పోగొట్టుకుంది. భుజం మీంచి పేల్చే ఎస్ఏ-7 వేడిని పట్టుకుని నేరుగా తోకలోకి వస్తుందని గమనించి, ఇంజిన్ గొట్టాన్ని వెనక్కి పొడిగించారు. దెబ్బ తగిలితే ఆ గొట్టం పోతుంది, తోక మిగులుతుంది. ఇనుప ముక్కంత తెలివైన పరిష్కారం ఇంకోటి లేదు.

చివరిగా మన నేవీ సంగతి. మన దగ్గర ఇలాంటిది అసలు లేకపోలేదు. పాత విక్రాంత్, ఆస్ట్రేలియా వాళ్ల మెల్‌బోర్న్ ఒకే మెజెస్టిక్ తరగతి ఓడలు. వాళ్లు మెల్‌బోర్న్ మీదికి స్కైహాక్‌లు కొనుక్కున్నారు. మనం అంతకు ముందే, 1961 నుంచి, బ్రిటిష్ సీ హాక్‌లతో ఉన్నాం. 1971 డిసెంబరు 4న కాక్స్ బజార్, చిట్టగాంగ్ మీదికి వెళ్లినవి అవే. అప్పటికి పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ విక్రాంత్ కోసం విశాఖ బయట వెతుకుతూ మునిగిపోయింది, ఓడేమో అండమాన్ వైపు ఉంది. సీ హాక్ కూడా ధ్వని వేగం దాటని, ఒకే ఇంజిన్ ఉన్న, కళ్లతో చూసి కొట్టే విమానమే. ఆ పాత్రకి అంతే సరిపోయింది.

ఇప్పటి తేలిక విమానం అంటే నేవీ తేజస్ గుర్తుకొస్తుంది. దాని రెక్క 8.2 మీటర్లు, అదీ మడవదు. స్కైహాక్‌తో సరిపోలిక అక్కడి వరకే. 2016 డిసెంబరులో అప్పటి నేవీ చీఫ్ అడ్మిరల్ సునీల్ లాంబా అది వాహక నౌకకి బరువెక్కువ అని బహిరంగంగానే చెప్పారు. 2020 జనవరి 11న విక్రమాదిత్య మీద అది చక్కగా దిగింది, మర్నాడు లేచింది కూడా. మరి అడ్డేమిటి? మన ఓడలకి కాటాపుల్ట్ లేదు, డెక్ చివర పైకి వంగిన స్కీ జంప్ ఉంది. 11 టన్నుల స్కైహాక్‌ని చిన్న ఓడ మీంచి లేపింది దాని ఇంజిన్ ఒక్కటే కాదు, ఓడలో ఉన్న ఆవిరి. స్కీ జంప్ మీద విమానం తన సొంత ఇంజిన్‌తోనే బాంబులు, ఇంధనం మోసుకుని లేవాలి. ఒకే ఇంజిన్ ఉన్న తేలిక విమానానికి ఆ లెక్క కుదరడం కష్టం. అందుకే నేవీ రెండు ఇంజిన్ల వైపు వెళ్లింది, 2025లో 26 రఫాల్-ఎం లకి ఒప్పందం కుదిరింది. కాటాపుల్ట్ ఉన్న ఓడ మనం కడితే అప్పుడు ఈ తేలిక విమానం ప్రశ్న మళ్లీ అడగండి, జవాబు వేరేగా ఉండొచ్చు.